నా గుండె గొప్ప

అరవై దాటిన మగాళ్లు నలుగురు ఒకచోట చేరితే ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియనిది కాదు. పిల్లల జీతాలు ఐదు నిమిషాలు, రాజకీయాలు పది నిమిషాలు, మిగతా గంటన్నరా జబ్బులు. అందులోనూ పోటీలే. ఒకాయన తన షుగరు మూడొందలంటే పక్కాయన మూడొందల ఎనభై అంటాడు. ఒకాయనకు రెండు స్టెంట్లు పడితే ఇంకొకాయన తోడల్లుడి నాలుగు స్టెంట్లు తెచ్చి మధ్యలో పడేస్తాడు. ఈ పోటీలో నేను ఏళ్ల తరబడి వెనకబడే ఉన్నాను. నాకున్నవల్లా మోకాళ్ల నొప్పులు. మోకాళ్ల నొప్పులకు ఎవరిస్తారండీ మర్యాద? మాట మొదలెట్టగానే "నువ్వుల నూనె రాయవయ్యా" అని తేల్చేస్తారు.

అలాంటి నాకు దేవుడు గుండెజబ్బు ఇచ్చాడు. ఇచ్చినవాడు అందరిలాంటిది ఇచ్చినా ఈ కథ చెప్పాల్సిన అగత్యం పట్టేది కాదు.

మేడ మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేసినట్టుండేది. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూద్దామంటే మోకాళ్లు మొరాయించాయి. నడవలేనివాళ్లకు వేరే ఏర్పాటు ఉందట. అడినోసిన్ అనే మందు నరంలోకి ఎక్కిస్తే బాగున్న రక్తనాళాలు బార్లా తెరుచుకుంటాయి, జబ్బుపడినవి అంతగా తెరుచుకోలేవు. ఆ సమయంలో రేడియోధార్మిక మందు కాస్త ఎక్కించి కెమెరా కింద పడుకోబెడితే, రక్తం బాగా అందిన చోట గుండె కండ వెలుగుతుంది, అందని చోట మసకబారుతుంది. జనం నోట దాని పేరు ఇప్పటికీ థాలియం టెస్టే. నాకు ఎక్కించింది మాత్రం టెక్నీషియం, ఆరు గంటలకోసారి సగానికి సగం తరిగిపోయే సరుకు. అడినోసిన్ ఎక్కుతున్న ఆ నాలుగైదు నిమిషాలూ మొహం ఆవిర్లు కక్కింది, గుండె మీద ఎవరో కూర్చున్నట్టయింది, ఇష్టదైవాలందరినీ పేరుపేరునా పిలిచేశాను. బొమ్మలో గుండె అడుగుభాగాన ఊదారంగు మచ్చ తేలింది. ఆ తర్వాత యాంజియోగ్రామ్.

యాంజియో చేసిన డాక్టరు తెర చూపించి అన్నారు: "కుడివైపు రక్తనాళం నూటికి నూరు శాతం మూసుకుపోయింది. ఎప్పుడో పాత బ్లాకు. కానీ ఎడమవైపు నుంచి కొలాటరల్స్, అంటే పక్కదారులు, వచ్చి దాన్ని నింపుతున్నాయి. రెంట్రాప్ గ్రేడ్ 3. అందుకే మీకు హార్ట్ ఎటాక్ రాలేదు. మందులు వాడండి, తిండి తగ్గించండి, రోజూ నడవండి."

ఆయన చెప్పిన నాలుగు సంగతుల్లో మూడు నా చెవిలోకి వెళ్లనే లేదు. వెళ్లింది గ్రేడ్ 3 ఒక్కటే.

ఇంటికి రాగానే బావమరిదికి ఫోన్ చేశాను. "గ్రేడ్ త్రీ అంటే థర్డ్ క్లాసన్నమాట, బావగారూ" అన్నాడు వాడు. వాడికెప్పుడూ నా మీద అలాంటి గౌరవమే. గంటసేపు నెట్టంతా గాలించి వాడికి మళ్లీ ఫోన్ కొట్టి పాఠం చెప్పాను. 1985లో రెంట్రాప్ అనే డాక్టరు, ఆయన సహచరులు ఈ లెక్క పెట్టారు. మూసుకుపోయిన నాళంలోకి పక్కదారుల గుండా రంగుమందు అసలు రాకపోతే సున్నా. చిన్న కొమ్మలు మాత్రం నిండితే 1. అసలు నాళం కొంత నిండితే 2. పూర్తిగా నిండితే 3. ఆపైన ఇక లేదు! అంటే బావమరిదీ, నాది యూనివర్సిటీ ఫస్టు.

నేను ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయినవాణ్ణి. ఉద్యోగమంతా గోదావరి డెల్టాలోనే గడిచింది. అందుకని ఈ సంగతి డాక్టరు కంటే నాకే ఎక్కువ అర్థమైందని నా నమ్మకం. పెద్ద కాలువ పూడిపోయింది, అయినా శివారు పొలం ఎండలేదు. ఎందుకు ఎండలేదు? పక్క కాలువ నుంచి సన్నసన్న బోదెల్లో నీళ్లొచ్చాయి గనక. మరి ఆ బోదెలు తవ్విందెవరు? నా గుండె! ఎస్టిమేటు లేదు, టెండరు లేదు, పై ఆఫీసరు సంతకం లేదు, తన పని తను చక్కబెట్టుకుంది. ఇలాంటి గుండె ఎవరికి పడితే వాళ్లకు ఉంటుందా?

ఇక్కడ మీరు నవ్వుతారని తెలుసు. కానీ మీ రిపోర్టులో 'నార్మల్' అన్న మాట కనబడగానే అదేదో మీరు రాత్రింబగళ్లు చదివి తెచ్చుకున్న మార్కులా ఇంటిల్లిపాదికీ చూపించలేదూ? నేనూ అంతే. కాకపోతే నా ఇంటిల్లిపాదిలో రెండు జిల్లాలు ఇమిడాయి.

యాంజియో సీడీ కాపీ చేయించి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లకు మంచినీళ్ల కంటే ముందు అదే. మా చెల్లెలి ఇంట్లో నిశ్చితార్థానికి వెళితే, తాంబూలాలు మార్చుకుంటున్నప్పుడు పక్కగదిలో పదిమందిని కూర్చోబెట్టి నా గుండె ఆడించాను. నల్లటి సన్నగీతలు మెరిసి మాయమవుతుంటే, వాటన్నిటికంటే లావుగా, కొడవలిలా వంపు తిరిగి, చెక్కుచెదరకుండా నిలిచిన ఒక గీత మీద వేలు పెట్టి, "ఇదిగో, ఇదీ కొత్తగా పుట్టింది! దీని దిట్టతనం చూశారా?" అన్నాను. పెద్దవాళ్లంతా చూశారు. ఒకావిడ దణ్ణం కూడా పెట్టింది. నా మేనకోడలు మెడిసిన్ చదువుతోంది. గుమ్మంలో నిలబడి కాసేపు చూసి, ఎంతో మెల్లగా, కానీ గదిలో అందరికీ వినబడేలా, "మామయ్యా, అది కాథెటర్. డాక్టరు గారు చేతి రక్తనాళంలోంచి దూర్చిన గొట్టం" అంది.

గొట్టం పేరు చెప్పి దణ్ణం పెట్టించుకున్నవాణ్ణి భూప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ పిల్ల అంతటితో వదల్లేదు. ఆ కొలాటరల్స్ కూడా నేను పుట్టించినవి కావంది. చాలామంది గుండెల్లో పుట్టుకతోనే ఒక నాళానికీ ఇంకో నాళానికీ మధ్య వెంట్రుకంత సన్నటి దారులు ఉంటాయట. పెద్దదారి మెల్లమెల్లగా మూసుకుపోతుంటే రక్తం ఒత్తిడి వీటిమీద పడి ఇవి వెడల్పవుతాయి. పాతవి వెడల్పవడం ఒక సంగతి. రక్తం అందని కండలో కొత్త కేశనాళికలు మొలకెత్తడం ఇంకో సంగతి. నేను రెండింటినీ కలిపి కలగాపులగం చేసి ఊరంతా పంచాను. "పైగా కేశనాళిక వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతు కూడా ఉండదు మామయ్యా. యాంజియోలో మిల్లీమీటరులో అయిదో వంతు కంటే సన్నటివి కనబడవు. నువ్వు చూపిద్దామనుకున్నా కొత్త నాళాలు ఆ సీడీలో కనబడవు" అంది.

మామూలు మనిషైతే అక్కడ సీడీ అటక మీద పెట్టేసేవాడు. నేను మాత్రం కనబడకపోతే ఇంకెందులో కనబడతాయో వెతకడం మొదలెట్టాను. రాత్రి పదికి పడుకునే మనిషిని రెండింటి దాకా మేలుకుని గుండె చరిత్రంతా మింగేశాను.

అందులో నిజంగా రుచిగల కథలున్నాయి, చెప్పకుండా ఉండలేను. 1958 అక్టోబరు 30న అమెరికాలో, క్లీవ్‌లాండ్‌లో, మేసన్ సోన్స్ అనే డాక్టరు ఒక రోగికి బృహద్ధమనిలోకి రంగుమందు పంపబోతే గొట్టం కొస జారి కుడి కరోనరీలో దూరింది. అంత మందు నేరుగా గుండె నాళంలోకి వెళితే మనిషి దక్కడని అప్పటి నమ్మకం. రోగి గుండె కాసేపు ఆగింది, దగ్గించారు, మళ్లీ కొట్టుకుంది. అలా చేయి జారిన పని నుంచే మనందరం చేయించుకుంటున్న యాంజియోగ్రామ్ పుట్టింది. అంతకు ముందే, 1950లో, మాంట్రియల్‌లో ఆర్థర్ వైన్‌బర్గ్ అనే సర్జను ఛాతీ గోడలోని ధమనిని తెంపి గుండె కండలోకి సొరంగం చేసి పాతేశాడు. అది లోపల కొమ్మలు వేసి పాత నాళాలతో కలుస్తుందని ఆయన నమ్మకం. చాలామంది పెదవి విరిచారు. పన్నెండేళ్ల తర్వాత అదే సోన్స్ యాంజియో తీస్తే, పాతిన ధమని నిజంగానే బతికుండి గుండె నాళాలతో కలిసి కనబడింది. ఇది చదివిన రాత్రి నాకు ఏడుపొచ్చిందంటే నమ్మండి. వైన్‌బర్గ్‌నీ నమ్మలేదు, నన్నూ నమ్మడం లేదు! మా ఇద్దరికీ ఉన్న పోలిక అదొక్కటే అని అప్పుడు తోచలేదు.

1989లో వీఈజీఎఫ్ అనే ప్రొటీన్ జన్యువును పట్టుకున్నారు. కొత్త రక్తనాళాలను మొలిపించేది అదే. దాన్ని గుండెలోకి ఎక్కిస్తే కత్తి లేకుండా బైపాస్ అయిపోతుందని తొంభైల్లో పెద్ద ఆశ. అది నాకు దొరికే మార్గం లేదు. కానీ మా ఊళ్లోనే ఒక బోర్డు కనబడింది: కోత లేదు, కుట్టు లేదు, సహజ బైపాస్.

ఈఈసీపీ అంటారు దాన్ని. మంచం మీద పడుకోబెట్టి పిక్కలకు, తొడలకు, పిరుదులకు బీపీ పట్టీల్లాంటివి, కాకపోతే ఏనుగుకు సరిపోయేంతవి, చుడతారు. గుండె విశ్రాంతి తీసుకునే ప్రతి క్షణంలోనూ ఈసీజీ చూసుకుని అవి కిందినుంచి పైకి వరసగా బిగుసుకుని రక్తాన్ని గుండెవైపు నెడతాయి. గుండె కొట్టుకోబోయే ముందు వదిలేస్తాయి. రోజుకో గంట, మొత్తం 35 గంటలు. నిమిషానికి డెబ్భై సార్లు నడుం కింద నుంచి ఎవరో ఎగరేసి పట్టుకుంటున్నట్టుంటుంది. మా ఆవిడ ఒకసారి తోడొచ్చి, తలుపు సందులోంచి చూసి, "ఈ గంతులేవో వాకింగ్‌లో వేస్తే డబ్బు మిగిలేది కదండీ" అంది. నేను జవాబివ్వలేదు. ఇచ్చే స్థితిలో లేను, నోరు తెరిస్తే నాలుక తెగేలా ఉంది.

కోర్సు అయ్యేసరికి మెట్లు సులువుగా ఎక్కుతున్నాను. అబద్ధం కాదు. నాళాలు మొలిచాయి, సందేహం లేదు. ఇక కావలసింది రుజువు. గుండె డాక్టరు వద్దన్నారు. "హాయిగా ఉన్నారు కదా, మళ్లీ స్కాన్ ఎందుకు? ఆ రేడియేషన్ ఎందుకు?" అన్నారు. ఎందుకంటే మేనకోడలు ఉంది గనక! ఆ మాట ఆయనకు చెప్పలేదు. మెట్లెక్కితే మళ్లీ కొంచెం పట్టేస్తోందని, దేవుడు క్షమించాలి, చిన్న అబద్ధం ఆడి చీటీ రాయించుకున్నాను.

స్కాన్ పొద్దున కాగితం చేతికిచ్చారు. ముందు రోజు నుంచి కాఫీ, టీ, చాక్లెట్, కూల్‌డ్రింకులు ముట్టలేదని సంతకం పెట్టాలి. పెట్టాను, అప్పటికి అది నిజమే. విశ్రాంతిలో తీసే బొమ్మకు మొదటి ఇంజెక్షను ఇచ్చి, "ఇప్పుడు వెళ్లి కొవ్వున్న టిఫిను బాగా తిని రండి" అన్నాడు టెక్నీషియన్. నా చెవులను నేను నమ్మలేదు. మందు కాలేయంలో, పిత్తాశయంలో పేరుకుని గుండె అడుగున అనవసరమైన వెలుగు చూపిస్తుందట. కొవ్వు తింటే అది తొందరగా కిందికి జారిపోతుంది. యాంజియో అయినప్పటి నుంచి ఇంట్లో నెయ్యి మొహం చూడనివాణ్ణి, వైద్యశాస్త్రమే పిలిచి తినమంటే కాదనడానికి నేనెవర్ని?

క్యాంటీన్‌కు వెళ్లాను. పెసరట్టు ఉప్మా చెప్పాను. నెయ్యి వేయమన్నాను. ఇంకాస్త అన్నాను. అట్టు అంచులు కరకరలాడుతూ, మధ్యలో జీలకర్ర, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు నేతిలో మెరుస్తూ వచ్చింది. తిన్నాను. కళ్లు మూతలుపడ్డాయి. సరిగ్గా అప్పుడు పక్క టేబుల్ మీదికి ఇత్తడి డబరాలో ఫిల్టర్ కాఫీ వచ్చింది. ఆ వాసన నా టేబుల్ దగ్గర ఆగింది. పెసరట్టు తిన్నాక కాఫీ తాగొద్దని ఏ ధర్మశాస్త్రంలో ఉందండీ? ఒక్కటి తాగాను. ఒకే ఒక్కటి. మీ దగ్గర దాపరికమెందుకు.

తర్వాత అడినోసిన్ ఎక్కించారు. ఎదురుచూశాను. ఆవిర్లు రాలేదు. గుండె మీద ఎవరూ కూర్చోలేదు. దేవుళ్లను పిలవాల్సిన పనే పడలేదు. "ఎలా ఉంది సార్?" అని టెక్నీషియన్ అడిగితే, "ఎక్కించడం మొదలెట్టారా?" అన్నాను, కావాలనే కాస్త గట్టిగా. మొదటిసారి గిలగిల్లాడినవాణ్ణి ఈసారి రాయిలా ఉన్నానంటే ఏమిటి అర్థం? బోదెలు! లోపలంతా బోదెలే! మధ్యాహ్నానికి తెరమీద బొమ్మ వచ్చింది. ఊదామచ్చ దాదాపు లేదు. రిపోర్టు రేపు ఇస్తామన్నా వినకుండా తెరను ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆటోలోనే వాట్సాప్ గ్రూపులన్నిటికీ పంపి, మేనకోడలికి విడిగా రెండుసార్లు పంపి, వాకర్స్ క్లబ్బు వాళ్లందర్నీ సాయంత్రం ఇంటికి రమ్మని, బావమరిదిని భార్యాపిల్లలతో సహా రమ్మని, ఆత్రేయపురం పూతరేకులు ముందే చెప్పి ఉంచాను గనక — అవును, స్కాన్‌కు రెండు రోజుల ముందే చెప్పి ఉంచాను — అవి తెప్పించి, హాల్లో టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి, ముందు బొమ్మ ఎడమవైపు, తర్వాత బొమ్మ కుడివైపు పెట్టి, లేజరు లైటు పట్టుకుని నిలబడి, వైన్‌బర్గ్ దగ్గర్నుంచి మొదలెట్టి నా దగ్గరికి వస్తుండగా ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరమ్మ.

నేను చేయిపైకెత్తి అందర్నీ నిశ్శబ్దంగా ఉండమని సైగ చేశాను. చేసి, స్పీకర్ ఆన్ చేశాను.

"సార్, రిపోర్టు రాస్తున్నాను. ఒక చిన్న అనుమానం. ఇంజెక్షన్ టైములో మీ బీపీ అసలు తగ్గలేదు, పల్స్ కదల్లేదు. మీకు ఇబ్బందేమీ అనిపించలేదని కూడా రాశారు. అంతకు ముందు కాఫీ గానీ టీ గానీ తాగారా?"

హాలంతా నిశ్శబ్దం. నేనే కదా ఉండమన్నాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ గొంతు, "కాఫీయా?"

"కాఫీ అంటే... చిన్న కప్పండి. ఒక్కటే" అన్నాను.

"ఒక్కటేనా సార్? ఒక్క కప్పుకే ఇంత మొద్దుబారదే సాధారణంగా" అందావిడ, నిజంగానే ఆశ్చర్యపోతూ. "సరే, ఏదైనా ఈ స్కాన్‌ను నమ్మలేం. అడినోసిన్ పోయి కూర్చోవాల్సిన చోట కెఫీన్ ముందే కూర్చుంటుంది. అప్పుడు బాగున్న నాళాలు కూడా పూర్తిగా తెరుచుకోవు. బాగున్నచోటికీ బాగాలేనిచోటికీ తేడా తెలియదు. మచ్చ ఉన్నా కనబడదు. కొన్ని వారాలాగి మళ్లీ తీద్దాం."

ఫోన్ పెట్టేశాక ఎవరూ మాట్లాడలేదు. బావమరిది ఒక పూతరేకు తీసుకుని, "బావగారూ, ఈ నెయ్యి మాత్రం అసలైనదే" అన్నాడు.

ఆ రాత్రి మేనకోడలు ఫోన్ చేసింది. దెప్పుతుందనుకుంటే దెప్పలేదు. అది ఇంకా కష్టం. "కాఫీ తాగకపోయినా ఆ బొమ్మ నువ్వనుకున్నది చెప్పదు మామయ్యా" అంది. ఆ కెమెరా సెంటీమీటరు మేర తేడాను పట్టుకోవడమే గొప్ప. అది చూపేది కండకు రక్తం అందిందా లేదా అన్నదే. ఏ దారిన అందిందో, ఆ దారి పాతదో కొత్తదో దానికి తెలియదు. నాకు చప్పున అర్థమైంది. బ్యారేజీ మీద నిలబడి చూస్తే శివారు పొలం పచ్చగా ఉందో లేదో తెలుస్తుంది గానీ, ఏ బోదె ఎప్పుడు తవ్వారో తెలియదు. లస్కర్లు కాలువ గట్టున నడిచి చూసొచ్చి చెబితే గానీ నమ్మేవాణ్ణి కాదు ఉద్యోగంలో ఉన్నప్పుడు. నా గుండె దగ్గరికొచ్చేసరికి రంగుబొమ్మ చూసి పూతరేకులు పంచాను.

పెట్ స్కాన్‌లో అయితే గ్రాము కండకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తం వెళుతోందో లెక్క కట్టవచ్చట. ఎంఆర్ఐ ఇంకా సన్నగా, పొరపొరగా చూపిస్తుంది. కొత్త నాళాల మొలకల్నే నేరుగా పట్టుకుందామని, మొలకెత్తే కణాల మీద కనబడే ఇంటిగ్రిన్ అనే ప్రొటీనుకు అతుక్కునే రేడియోధార్మిక మందులు తయారుచేసి, హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లలో ప్రయోగించి చూశారు కూడా. దెబ్బతిన్న చోట వెలుగు కనబడింది. చిక్కేమిటంటే ఆ ప్రొటీను వాపు కణాల మీదా, గాయం మానే చోటా కూడా ఉంటుంది. కనబడ్డ వెలుగంతా కొత్త నాళమే అనడానికి లేదు.

"మరి మెట్లు సులువుగా ఎక్కుతున్నానే?" అన్నాను, చివరి కోట కాపాడుకుంటూ.

దానికీ ఆ పిల్ల దగ్గర కథ ఉంది. ఛాతీలోని ఒక ధమనికి ముడివేస్తే రక్తం గుండెవైపు మళ్లి పక్కదారులు పెరుగుతాయని ఒకప్పుడు ఆపరేషన్లు చేసేవారు. చేయించుకున్నవాళ్లు నొప్పి తగ్గిందని సంబరపడేవారు. 1959లో లెనార్డ్ కాబ్ అనే డాక్టరు 17 మందిని తీసుకుని, 8 మందికి నిజంగా ముడివేశాడు, 9 మందికి చర్మం కోసి ఊరికే కుట్టేశాడు. ఎవరికి ఏది చేశారో వాళ్లకు తెలియదు. ఊరికే కుట్టేసినవాళ్లకూ నొప్పి అంతే తగ్గింది. నేను ఆశపడ్డ వీఈజీఎఫ్ సంగతీ అదే. 2003లో వెలువడిన వీవా అనే పరీక్షలో 178 మందిలో కొందరికి ఆ మందు, కొందరికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. అరవై రోజుల తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే ఉత్తుత్తి మందువాళ్లు కూడా ముందుకంటే ఎక్కువసేపు నడిచారు. రెండు జట్లకూ తేడా తేలలేదు.

అంటే నాలాంటివాళ్లు ప్రపంచమంతటా ఉన్నారన్నమాట. ఇది వినగానే నాకెంత ఊరట కలిగిందో చెప్పలేను. మనిషికి ఖర్చుపెట్టినదానికి ఫలితం కనబడకపోతే, గుండె మొహమాటపడైనా కాస్త నొప్పి తగ్గిస్తుంది కాబోలు.

ఆ యంత్రాన్ని మాత్రం నేను తిట్టను. దాని మీద 1999లో వచ్చిన పరీక్షలో, పట్టీలు పైపైన బిగించినవాళ్ల కంటే గట్టిగా బిగించినవాళ్లకు ఛాతీనొప్పి తక్కువసార్లు వచ్చిందని తేలింది. నాకు సులువు దానివల్లే వచ్చిందో, ఆ రోజుల్లోనే మా ఆవిడ మాత్రలు చేతిలో పెట్టి మింగించినందువల్ల వచ్చిందో, ఆటో ఖర్చు తలచుకుని ఆ సెంటరుకు నడిచి వెళ్లి వచ్చినందువల్ల వచ్చిందో తేల్చే దారి నేనే పాడుచేసుకున్నాను. నడకకు ఆ గుణం ఉందట. జర్మనీలో గుండె నాళాలు బాగా కుంచించుకుపోయినవాళ్లచేత నాలుగు వారాలు కచ్చితంగా వ్యాయామం చేయించి, నాళాన్ని బెలూనుతో కాసేపు మూసి, పక్కదారుల్లో ఒత్తిడి కొలిచారు. వ్యాయామం చేసినవాళ్లలో ఆ ఒత్తిడి పెరిగింది. బొమ్మను చూసి మురవడం కాదు, మూసి కొలవడం. 2016లో వచ్చింది ఆ ఫలితం.

ఇది చదవగానే నేను ఏం చేసి ఉంటానో మీరు ఊహించేసి ఉంటారు. గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి, "నాకూ బెలూను పెట్టి కొలవండి" అన్నాను. ఆయన చాలాసేపు నా మొహం చూశారు. "బాగున్న మనిషికి గుండె నాళం మూసి చూడమంటారా? ఎవరికి చూపించడానికి?" అన్నారు. మేనకోడలి సంగతి ఆయనకెవరో చెప్పేశారని నా అనుమానం.

మళ్లీ తీసిన స్కాన్‌లో ఊదామచ్చ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. మొదటి బొమ్మకూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదని రిపోర్టు. ఆవిర్లు వచ్చాయి, గుండె మీద మళ్లీ ఎవరో కూర్చున్నారు, దేవుళ్లందరూ పలికారు.

ఆ స్కాన్ రోజు ఇంకో సంగతి జరిగింది. చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ ఇంతదాకా వచ్చాక అదెందుకు. ఈసారి మా ఆవిడ కాపలాగా వచ్చింది. మొదటి ఇంజెక్షను అయ్యాక నాతోపాటే క్యాంటీన్‌కు వచ్చి ఎదురుగా కూర్చుంది. పెసరట్టుకు నెయ్యి కూడా తనే చెప్పింది, ఒక్క చెంచా. సర్వరు కుర్రాడు నన్ను చూడగానే మొహం చేటంత చేసుకుని దగ్గరికొచ్చాడు.

"నమస్తే సార్. మొన్నటిలాగే మూడు ఫిల్టర్ కాఫీలేనా?"

మీకు కూడా ఒక్కటే అని చెప్పాను. మీరు మన్నిస్తారనే ధైర్యం. మా ఆవిడ మాత్రం ఏమీ అనకుండా చేతిసంచీలోంచి ఫోన్ తీసి, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరమ్మ నంబరు వెతికి, స్పీకర్ ఆన్ చేసింది.